జూన్ వేట, సంక్రాంతి వేట
(విశాఖపట్నం పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలున్నారు, కామర్స్ చదివే పిల్లలున్నారు, ఫ్యాను కింద కుర్చీ దొరుకుతుందని వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందరూ కూర్చోండి.

నేను ముప్పై ఏళ్ళు ఆడిటర్‌గా పనిచేశాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. పక్కన ఎవరినైనా పొగుడుతుంటే చాలు, "ఓపెనింగ్ బ్యాలెన్స్ ఎంతండీ?", అంటే మొదట్లో చేతిలో ఎంత ఉంది, అని అడగాలనిపిస్తుంది. పెళ్ళిళ్ళలో కూడా. ఇవాళ నేను మాట్లాడబోయే మనిషి మైకేల్ ఐస్నర్. 1984 నుంచి 2005 దాకా డిస్నీ కంపెనీకి సీఈఓ. పేరు మీలో చాలామంది విని ఉండరు గానీ ఆయన పని మన ఇళ్ళలోకి వచ్చింది. 90ల్లో ఆదివారం దూరదర్శన్‌లో డక్‌టేల్స్ హిందీలో వచ్చేది, గుర్తుందా? మా అబ్బాయికి హిందీ ట్యూషన్‌లో రాలేదు, ఆ బాతుల దగ్గర వచ్చింది. డిస్నీలో టీవీ కోసం కార్టూన్లు తీసే విభాగం పెట్టించింది ఐస్నరే, తను చేరిన ఏడాదే. 2004 డిసెంబరులో టూన్ డిస్నీ తెలుగులో మొదలైనప్పుడూ కుర్చీలో ఉన్నది ఆయనే.

ఆయన మంచి సీఈఓనా, చెడ్డ సీఈఓనా అని అమెరికాలో ఇప్పటికీ వాదించుకుంటారు. నా దగ్గర ఉన్న తూకం వాళ్ళది కాదు, మన ఫిషింగ్ హార్బర్‌ది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేటకి నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి సముద్రానికి విశ్రాంతి. జూన్ 15 తెల్లారేసరికి బోట్లు బారులు తీరి వెళ్తాయి. నా దగ్గర లెక్కలు రాయించుకునే బోటు ఓనరు ఒకాయన ఉండేవాడు. ఒక ఏడు మొదటి ట్రిప్పుకే రొయ్యలు బాగా పడ్డాయి. నేను మెచ్చుకోబోతే ఆయన నవ్వేసి, "జూన్‌లో పడింది మన గొప్ప కాదు బాబూ, సముద్రం గొప్ప. సంక్రాంతికి పడితే అప్పుడు చెప్పు" అన్నాడు.

1984లో డిస్నీ అలాంటి సముద్రమే. వాల్ట్ డిస్నీ 1966లో పోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు "వాల్ట్ అయితే ఏం చేసేవాడు?" అనుకుంటూ ఏళ్ళు గడిపారు. 1937 నాటి స్నో వైట్ మొదలుకొని అన్ని సినిమాలు బీరువాలో ఉన్నాయి. ఫ్లోరిడాలో 27 వేల ఎకరాల పైన భూమి ఉంది, అందులో ఎక్కువ భాగం ఖాళీ. పార్కు టికెట్లు చవక. ఇదంతా చూసి, షేర్లు కొని కంపెనీని ముక్కలుగా అమ్ముకుందామని ఒక పెట్టుబడిదారుడు దిగితే, అతన్ని వదిలించుకోవడానికి కంపెనీ 32 కోట్ల డాలర్లకు పైగా ముట్టజెప్పింది. ఆ గొడవ తర్వాతే వాల్ట్ అన్న కొడుకు రాయ్ ఇ. డిస్నీ పట్టుబట్టి, పారమౌంట్ సినిమా స్టూడియో నుంచి ఐస్నర్‌ని సీఈఓగా, వార్నర్ బ్రదర్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ వెల్స్‌ని ప్రెసిడెంట్‌గా తెచ్చాడు.

వాళ్ళు వచ్చీ రాగానే టికెట్ల ధర పెంచారు. ఖాళీ భూమిలో హోటళ్ళు కట్టారు. పాత సినిమాలు వీడియో క్యాసెట్లుగా అమ్మారు. డబ్బు వరదలా వచ్చిందంటే ఆశ్చర్యం ఏముంది? అది జూన్ వేట. 1984లో సుమారు 165 కోట్ల డాలర్ల ఆదాయం 2005కి 3,000 కోట్లు దాటింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఐస్నర్‌ని ఆకాశానికి ఎత్తేవాళ్ళు ఆ బీరువాని, ఆ ఖాళీ ఎకరాలని లెక్కలోకి తీసుకోరు. అయితే తాళం ముందువాళ్ళ దగ్గరా ఉంది కదా, వాళ్ళు ఎందుకు తీయలేదు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. తీయడం కూడా పనే, ఆ మేరకు మార్కులు వేస్తాను.

ఇక ఆయన తన చేత్తో పెంచినది ఏమిటి? ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే కథ అనుకున్నంత సూటిగా ఉండదు. డిస్నీ అంటే బొమ్మల సినిమా. 1985లో ఆ బొమ్మలు గీసేవాళ్ళని సొంత స్టూడియో ప్రాంగణంలోంచి ఖాళీ చేయించి గ్లెండేల్‌లో గోదాముల్లాంటి భవనాల్లోకి పంపించారు. ఆ ఏడాది వచ్చిన బ్లాక్ కాల్‌డ్రన్ సినిమా బోల్తా కొట్టింది. విభాగం మూతపడుతుందని అందరూ అనుకున్నారు. రాయ్ డిస్నీ అడ్డుపడి దాన్ని తనే చూసుకుంటానన్నాడు. స్టూడియో అధిపతిగా వచ్చిన జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ మనుషుల్ని నిద్రపోనివ్వలేదు. హవర్డ్ ఆష్‌మన్, అలన్ మెంకెన్ పాటలు తెచ్చారు. 1989లో లిటిల్ మెర్మెయిడ్. 1991లో బ్యూటీ అండ్ ద బీస్ట్, ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయిన మొదటి యానిమేషన్ సినిమా. 1992లో అల్లాదీన్, 1994లో లయన్ కింగ్.

ఇందులో ఐస్నర్ వాటా ఎంత? డబ్బు ఇచ్చాడు, కథలు చూసి బాగుందో లేదో చెప్పాడు. అన్నిటికంటే ముఖ్యం, ఒకరంటే ఒకరికి పడని ఈ మనుషుల్ని పదేళ్ళు ఒకే కప్పు కింద ఉంచాడు. నా దృష్టిలో ఆయన అసలు ఘనత ఇదే. సంక్రాంతి వేట.

1994లో అది చెదిరింది. ఏప్రిల్ 3న, ఈస్టర్ ఆదివారం, హెలికాప్టర్ ప్రమాదంలో ఫ్రాంక్ వెల్స్ చనిపోయాడు. జులైలో ఐస్నర్‌కి గుండె ఆపరేషన్. వెల్స్ కుర్చీ అడిగిన కాట్జెన్‌బర్గ్‌కి అది దక్కలేదు. బయటికి వెళ్ళి దర్శకుడు స్పీల్‌బర్గ్, సంగీత వ్యాపారి గెఫెన్‌లతో కలిసి డ్రీమ్‌వర్క్స్ అనే స్టూడియో పెట్టాడు. బోనస్ బాకీ కోసం డిస్నీ మీద కేసు వేసి గెలిచినంత పని చేశాడు. 1999లో రాజీకి కంపెనీ ఇచ్చింది 25 కోట్ల డాలర్ల పైమాటే అని పత్రికలు రాశాయి. ఆ కోపంతో పుట్టిన కంపెనీయే ష్రెక్ తీసి, ఉత్తమ యానిమేషన్ సినిమాకి ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్ పట్టుకుపోయింది.

"వెల్స్ బతికి ఉంటే అంతా బాగుండేది" అని అందరూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. పారిస్ పక్కన కట్టిన యూరో డిస్నీ 1992లో తెరిచారు, వెల్స్ ఉండగానే. అప్పుల్లో మునిగింది. పోయినవాళ్ళ మీదకి మంచి అంతా తోసి, ఉన్నవాళ్ళ మీదకి చెడు తోయడం మన చావిడి తీర్పుల్లోనూ చూస్తుంటాం.

నేను తప్పు పట్టేది మరొకటి. ఐస్నర్ పక్కన "రేపు నువ్వే" అనదగిన మనిషి ఎవరూ నిలవలేదు. 1995లో స్నేహితుడు మైకేల్ ఓవిట్జ్‌ని ప్రెసిడెంట్‌గా తెచ్చాడు. 14 నెలల్లో పంపేశాడు. పోతూ ఓవిట్జ్ తీసుకున్నది సుమారు 14 కోట్ల డాలర్లు. వాటాదారులు డెలావేర్ కోర్టుకి వెళ్ళారు. 2005 తీర్పులో డైరెక్టర్లు గెలిచారు. వాళ్ళ నడత ఆదర్శంగా లేదు గానీ చట్టాన్ని దాటలేదని దాని సారాంశం. కామర్స్ పిల్లలూ, ఆ తీర్పు వెతికి చదవండి, పరీక్ష కోసం కాదు. నేను ఆడిట్ చేసిన ఒక కంపెనీలో ఓనరుగారు మేనేజర్‌ని తనే తెచ్చి, తనే పొగిడి, ఏడాది తిరక్కుండా తనే వెళ్ళగొట్టేవాడు. ప్రతిసారీ సెటిల్‌మెంట్ చెక్కు చూసి నాకు బీపీ పెరిగేది. "నమ్మకస్తులు దొరకట్లేదండీ" అనేవాడు. దొరకడం లేదా, నిలవనివ్వడం లేదా అని అడిగే ధైర్యం నాకు రాలేదు. ఫీజు ఆయనే ఇచ్చేది మరి.

కానీ ఇదే మనిషి 1996లో 1,900 కోట్ల డాలర్లతో ఏబీసీ టీవీ సంస్థని కొన్నాడు. దాంతో పాటు ఆటల ఛానెల్ ఈఎస్‌పీఎన్ వచ్చింది. కేబుల్ చందాల మీద ఏళ్ళ తరబడి డిస్నీని పోషించిన ఆవు అదే. అదే కొనుగోలులో ఒక ఉద్యోగి కూడా వచ్చాడు, బాబ్ ఐగర్. తర్వాత ఐస్నర్ కుర్చీలో కూర్చున్నది ఆయనే. అంటే వారసుణ్ణి ఎంచుకోవడం చేతకాని మనిషికి వారసుడు సరుకుతో పాటు వచ్చాడన్నమాట.

చివరి ఏళ్ళు త్వరగా చెప్పేస్తాను, చూడటానికి బాగుండవు. టాయ్ స్టోరీ నుంచి డిస్నీకి హిట్లు తెచ్చిపెడుతున్న కంప్యూటర్ బొమ్మల స్టూడియో పిక్సార్‌తో, దాని యజమాని స్టీవ్ జాబ్స్‌తో పడక, 2004 జనవరిలో చర్చలు తెగిపోయాయి. అదే నెలలో చేత్తో బొమ్మలు గీసే ఫ్లోరిడా స్టూడియోని మూసేస్తున్నట్టు ప్రకటించారు. అంతకు ముందే రాయ్ డిస్నీ, ఏ చేత్తో ఐస్నర్‌ని తెచ్చాడో ఆ చేత్తోనే రాజీనామా రాసి, వాటాదారుల్ని కూడగట్టడం మొదలుపెట్టాడు. 2004 మార్చి 3న ఫిలడెల్ఫియా సమావేశంలో 43 శాతం ఓట్లు ఐస్నర్‌కి పడలేదు. ఆ రాత్రే ఛైర్మన్ పదవి పోయింది. 2005 సెప్టెంబరు 30న సీఈఓ పదవి కూడా వదిలాడు.

ఆ నెలలోనే హాంగ్‌కాంగ్ డిస్నీలాండ్ తెరిచారు. అక్కడి ఊరేగింపు చూస్తూ ఐగర్‌కి ఒక సంగతి తట్టిందట, ఆయనే చెప్పుకున్నాడు. గత పదేళ్ళలో పుట్టిన పాత్రలు దాదాపు అన్నీ పిక్సార్‌వే, డిస్నీ సొంతానివి లేవు. మరుసటి ఏడాది 740 కోట్ల డాలర్లు పోసి పిక్సార్‌ని కొన్నాడు. క్లోజింగ్ బ్యాలెన్స్, అంటే చివరికి మిగిలింది ఎంత, అని అడిగేవాళ్ళకి నేను చూపించేది ఆ ఊరేగింపే. ఈఎస్‌పీఎన్ లాంటి ఆస్తి ఉంది. కానీ కంపెనీ దేనితో పుట్టిందో అదే బయటినుంచి కొనుక్కోవాల్సి వచ్చింది. పాస్ మార్కులు వేస్తాను, ఫస్ట్ క్లాసు వేయను. మొదటి పదేళ్ళతోనే ఆగి ఉంటే డిస్టింక్షన్ వేసేవాణ్ణి.

మన ఊళ్ళో ఒక సినిమా హాలు పేరు జంక్షన్‌కి వచ్చింది, బస్సులో "జగదాంబ" అంటే చాలు టికెట్ కొడతారు. ఐస్నర్ పేరు ఒక భవనానికి వచ్చింది. బర్‌బ్యాంక్‌లో 1990లో ఆయన హయాంలోనే కట్టిన డిస్నీ ప్రధాన కార్యాలయానికి 2006లో ఆయన పేరు పెట్టారు. ముందు భాగంలో రాతి విగ్రహాలు, స్నో వైట్ కథలోని మరుగుజ్జులు. పై కప్పుని మోస్తున్నట్టు చేతులెత్తి నిలబడి ఉంటారు. వాళ్ళు 1937 సరుకు.

టీ వచ్చేలోగా రెండు ప్రశ్నలకి టైముంది. అడగండి.