తోలు వయసు, రాత వయసు: ఖురాన్ ప్రతులు ఏం చెబుతున్నాయి?

నమస్కారం అండి. ఖురాన్ పుస్తకరూపం ఎప్పుడు తీసుకుందన్న చర్చ గురించి ఇవాళ మాట్లాడదాం. ఎవరి విశ్వాసం జోలికీ పోను, రాతప్రతుల సంగతే చెబుతాను.

మూడో ఖలీఫా ఉస్మాన్ 650 ప్రాంతంలో ఒక ప్రామాణిక ప్రతి రాయించి ముఖ్య నగరాలకు పంపించారని ఇస్లామిక్ సంప్రదాయం చెబుతుంది. లండన్ పండితుడు జాన్ వాన్స్‌బ్రో 1977లో దీన్ని కాదన్నారు. ఇప్పటి రూపానికి రావడానికి ఎనిమిదో శతాబ్దం చివరి దాకా పట్టిందన్నారు.

బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలోని రెండు ఖురాన్ తోలు ఆకులకు కార్బన్ పరీక్ష చేస్తే 568కీ 645కీ మధ్యవని తేలినట్టు 2015లో ప్రకటించారు. ప్రవక్త కాలం నాటివని పేపర్లన్నీ రాశాయి. కానీ ఆ పరీక్ష చెప్పేది జంతువు చనిపోయిన కాలం. సిరా ఎప్పుడు పడిందో అది చెప్పదు.

నన్ను ఒప్పించింది మాత్రం ఒక స్పెల్లింగ్. 'అల్లాహ్ అనుగ్రహం' అనడానికి ఖురాన్‌లో 'నిఅమత్' అనే మాట వస్తుంది. దాని చివరి అక్షరాన్ని కొన్నిచోట్ల గుండ్రటి 'హా' రూపంలో, కొన్నిచోట్ల సాగదీసిన 'తా'తో రాశారు. రెండూ చెల్లుతాయి, అర్థం మారదు. భాషాశాస్త్రవేత్త మారిన్ వాన్ పుట్టెన్ 2019లో 14 పాత ప్రతులు పక్కపక్కన పెట్టి చూశారు. ఎక్కడ 'హా' ఉందో అన్నిట్లో దాదాపు అక్కడే 'హా', ఎక్కడ 'తా' ఉందో అక్కడే 'తా'! నోటితో విని రాస్తే ఇలా కుదరదు. చూసి ఎక్కించాలి, అదీ ఒకే మాతృక నుంచి. మన తాటాకు ప్రతులు పరిష్కరించినవాళ్లు పట్టుకునేది కూడా ఇలాంటి ఆనవాళ్లనే. ప్రతులే ఇంత పాతవైతే వాటి మాతృక ఇంకా పాతది కదా, అందుకే వాన్స్‌బ్రో వాదన ఇక్కడ నిలబడదనే నా అభిప్రాయం.

అయితే ఆ మాతృకకు ముందు? యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో 1972లో మరమ్మతులప్పుడు బయటపడ్డ ప్రతుల్లో ఒకటి కడిగి మళ్లీ రాసిన తోలు. కడిగేసిన అక్షరాలు కాలం గడిచాక లేత గోధుమరంగులో పైకి తేలాయి. అల్ట్రావయొలెట్ వెలుగులో ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పైన ఉన్నది ఉస్మాన్ పాఠం. కింద ఉన్నదాంట్లో కొన్ని మాటలు వేరు, సూరాల (అధ్యాయాల) వరుస వేరు. ఇబ్న్ మసూద్ లాంటి ప్రవక్త సహచరుల దగ్గర వేరే పాఠాలుండేవని ముస్లిం పండితులే వందల ఏళ్ల కిందట రాసిపెట్టారు. అలాంటి పాఠం ఒకటి ఆ తోలు మీద ఇప్పటికీ ఉంది.