డబ్బా లేని మిగ్-21, లావెక్కిన అంబాసిడర్: స్కేల్ కొలిచి చూద్దాం

నమస్తే అండీ. ఈ రోజు టేబుల్ మీద రెండున్నాయి. ఇటు పక్కది కవర్లో వేసి ఇచ్చిన మిగ్-21 ప్లాస్టిక్ కిట్టు. డబ్బా లేదు, ఇన్‌స్ట్రక్షన్ షీట్ లేదు. సెకండ్‌హ్యాండ్‌లో అమ్మినాయన "1/72 అనుకుంటా సార్" అన్నాడు. అటు పక్కది వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే మెటల్ అంబాసిడర్. దీని పెట్టె మీద మాత్రం 1/36 అని దర్జాగా అచ్చేశారు. రంగులూ ఫినిషింగూ తర్వాత చూద్దాం, ముందు మిల్లీమీటర్లు కచ్చితంగా కొలిచే కాలిపర్ తీస్తున్నా.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. 1/72 అంటే అసలు విమానంలో 72 మిల్లీమీటర్లు మోడల్లో ఒక్క మిల్లీమీటర్. కింది అంకె పెరిగేకొద్దీ బొమ్మ చిన్నదవుతుంది. అసలు కొలతను మోడల్ కొలతతో భాగించండి, స్కేల్ వచ్చేస్తుంది. రెండూ మిల్లీమీటర్లలోనే ఉండాలి, అంతే. చిక్కల్లా ఎక్కడ కొలవాలన్న దగ్గరే.

మిగ్-21 చేతికి రాగానే అందరూ పొడవు కొలుస్తారు. వద్దు. దీని ముక్కు దగ్గర పొడుచుకొచ్చిన గొట్టం ఉంటుంది చూడండి, గాలి వేగం కొలిచేది. దాన్ని కలుపుకుని పొడవు చెప్పేవాళ్లున్నారు, వదిలేసి చెప్పేవాళ్లున్నారు. అందుకే ఒక చోట 14 మీటర్ల చిల్లర కనిపిస్తుంది, ఇంకో చోట 15 దాటుతుంది. రెక్కల దగ్గర ఈ గొడవ లేదు. ఈ కొస నుంచి ఆ కొసకి 7,154 మిల్లీమీటర్లు. మన వైమానిక దళం 1963 నుంచి 2025 దాకా రకరకాల మిగ్-21లు నడిపింది, రకం మారినా ఈ కొలత మారలేదు.

రెక్కల్ని జిగురు లేకుండా టేపుతో బాడీకి అంటించాను. ఇదిగో, 99 మిల్లీమీటర్లు. 7,154ని 99తో భాగిస్తే 72.3. అలాంటి స్కేల్ ఎవరూ చేయరు కాబట్టి ఇది 1/72. అమ్మినాయన మాట నిజమే.

1/76 అయ్యుండొచ్చు కదా అంటారా? మంచి అనుమానమే, ఆ స్కేల్లో కూడా పాత కిట్లు బోలెడున్నాయి. అప్పుడు రెక్కలు 94 దగ్గర ఆగాలి. ఐదు మిల్లీమీటర్ల తేడా కాలిపర్‌కి దొరక్కుండా పోదు. అదే పైలట్ బొమ్మని పట్టుకుని తేల్చాలంటే కుదరదు. 180 సెంటీమీటర్ల మనిషి 1/72లో 25 మిల్లీమీటర్లు, 1/76లో 23.7. పైగా ఈ పైలట్ కూర్చుని ఉన్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు. ఎప్పుడైనా సరే, గొడవ లేని కొలతల్లో అన్నిటికన్నా పెద్దదాన్నే నమ్మండి.

72 అనే వింత అంకె ఎక్కడిదంటే, అడుగులూ అంగుళాల లెక్క. ఆరడుగులకి ఒక అంగుళం. 1930ల్లో బ్రిటన్‌లో ఈ స్కేల్ విమానాలు మొదలై, అలాగే నిలబడిపోయింది. 1/48 అంటే అడుగుకి పావు అంగుళం.

కిట్టు సంగతి: ప్యానెల్ గీతలు, అంటే విమానం ఒంటి మీద రేకుల అతుకుల్ని చూపే గీతలు, లోపలికి చెక్కినవి కావు, పైకి ఉబ్బినవి. పాత అచ్చు అన్నమాట. అతుకుల దగ్గర సాండ్‌పేపర్ పెడితే ఆ గీతలు పోతాయి, మళ్లీ గీసుకోవాలి. కాక్‌పిట్‌లో కుర్చీ తప్ప ఏమీ లేదు. కానీ రూపం మాత్రం సరిగ్గా ఉంది. రంగులు వేయడం నేర్చుకునేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు.

ఇక అంబాసిడర్. కార్లకి వీల్‌బేస్ కొలవాలి, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి. బంపర్ల గొడవ ఉండదు. అసలు కారులో 2,464 మిల్లీమీటర్లు, ఇందులో 68.5. భాగిస్తే 36. భేష్! మొత్తం పొడవు 4,325, ఇక్కడ 120. ఇదీ 36. వెడల్పు దగ్గర దొరికిపోయింది. అసలు 1,662, ఇందులో 50. అంటే 1/33! సరిగ్గా 1/36 అయితే 46 ఉండాలి. అడుగున స్ప్రింగు మోటారు పట్టడానికి ఒళ్లు పెంచారని నా అనుమానం. షెల్ఫులో ముద్దుగానే ఉంటుంది, కానీ పక్కన ఇంకో 1/36 కారు పెడితే మన అంబాసిడర్ మరీ బొద్దుగా కనిపిస్తుంది. అందుకే ఒక్క చోట కొలిచి ఊరుకోకండి.

మోటారు కోసం సైజు మార్చుకోవడం కొత్తేం కాదు. ట్యాంకు మోడళ్లలో రాజ్యమేలుతున్న 1/35 అలా పుట్టిందే. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ టామియా పాంథర్ ట్యాంకు మోడల్ చేసింది. లోపల బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టారు. అది బాగా అమ్ముడయ్యాక, అదే సైజులో మిగతా ట్యాంకులూ చేద్దామని కొలిస్తే సుమారు 1/35 అని తేలింది. అంటే ఈ స్కేల్ బ్యాటరీ పెట్టిన భిక్ష! 1950ల్లో అమెరికాలో అయితే ముందు డబ్బా సైజు ఖాయం చేసి, అందులో పట్టేలా ఓడనో విమానాన్నో కుదించేవారు. రెవెల్ అనే కిట్ల కంపెనీ చేసిన మిస్సోరీ యుద్ధనౌక 1/535లో రావడానికి కారణం అదే.

రైలు మోడళ్లవాళ్లకి ఒక మాట. హెచ్‌ఓ స్కేల్ అంటే 1/87, దాని పట్టాల మధ్య దూరం (గేజ్) 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కి సరిపోయే లెక్క. మన బ్రాడ్ గేజ్ 1,676. 1/87లో పట్టాలు 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. అంత వెడల్పు ట్రాక్ షాపుల్లో దొరకదు కాబట్టి మన ఇంజన్ల మోడళ్లనీ 16.5 మీదే నడుపుతారు. ఆ చక్రాల మధ్య కొలిచి భాగిస్తే 1/102 అని వస్తుంది, మోడల్ తప్పని తిట్టుకుంటారు. ఇంజన్‌కి బాడీ పొడవే కొలవండి.

చివరగా కొనేముందు చేయాల్సిన లెక్క. వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం చూసి "ఇది నా షెల్ఫులో ఉండాల్సిందే" అనుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. దాని రెక్కలు 50 మీటర్లు. 1/72లో దాదాపు 70 సెంటీమీటర్లు, 1/144లో 35. రోడ్డుకి అవతల ఉన్న కురుసుర సబ్‌మెరైన్ 91 మీటర్లు. అది 1/144లో 63 సెంటీమీటర్లు, 1/350లో 26. 1/144 బదులు 1/72 తీసుకుంటే పొడవొక్కటే కాదు, వెడల్పూ ఎత్తూ కూడా రెట్టింపే, రంగుల ఖర్చు నాలుగింతలు. మీ అల్మారా లోతు ఎంతో, మీరు ఏ మోడల్ మీద కన్నేశారో కామెంట్‌లో రాయండి. ఏ స్కేల్ పడుతుందో లెక్కేసి రిప్లై ఇస్తాను.