'ఎరేషర్' నుంచి 'అమెరికన్ ఫిక్షన్' దాకా: తెర మీదికి రాని నవల

మిత్రులందరికీ నమస్కారం.

పెర్సివల్ ఎవరెట్ నవల 'ఎరేషర్' 2001లో వచ్చింది. దాని ఆధారంగా కార్డ్ జెఫర్సన్ తీసిన 'అమెరికన్ ఫిక్షన్' 2023లో విడుదలైంది. ఈ సభలో సినిమా చూసినవారే ఎక్కువ ఉంటారని అనుకుంటున్నాను. అందుకే నవలలో ఉండి సినిమాలో లేనిదాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

కథ రెండింటిలోనూ దాదాపు ఒకటే. థెలోనియస్ ఎలిసన్‌ను అందరూ మంక్ అంటారు. వైద్యుల కుటుంబంలో పుట్టిన నల్లజాతి రచయిత, ఆచార్యుడు. గ్రీకు నాటకాలను తిరగరాస్తూ కొరుకుడు పడని నవలలు రాస్తాడు. అవి అమ్ముడుపోవు. పుస్తకాల దుకాణంలో వెతికితే తన నవలలు ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల అరలో కనిపిస్తాయి. ఆ పుస్తకాల్లో నల్లజాతికి సంబంధించినది అట్ట మీది అతని ఫోటో ఒక్కటే! మరోవైపు ఘెట్టో (నల్లజాతి పేదల వాడ) బతుకుల మీద ఒక రచయిత్రి రాసిన నవలకు దేశమంతా నీరాజనం పడుతుంది. ఒళ్లు మండిన మంక్ మారుపేరు పెట్టుకుని, తెల్లవారు నల్లవారి గురించి ఏమేం వినాలనుకుంటారో అవన్నీ కుక్కి 'మై పఫాలజీ' అనే నవల రాస్తాడు. ఆ ఎగతాళిని ప్రచురణ సంస్థ నిజమని నమ్ముతుంది. నవలలో 6 లక్షల డాలర్లు, సినిమాలో 7.5 లక్షల డాలర్లు అతని చేతిలో పెడుతుంది.

ఇక్కడే రెండు దారులూ విడిపోయాయి. ఎవరెట్ ఆ దొంగ నవలను మొదటి నుంచి చివరి వరకు తన పుస్తకం మధ్యలో అచ్చు వేశాడు. దాని కథానాయకుడు వాన్ గో జెంకిన్స్. నలుగురు ఆడవాళ్లతో నలుగురు పిల్లలు. ఆస్పిరీన్, టైలెనోలా అంటూ ఆ పిల్లలకు మందుల దుకాణంలోని పేర్లు. నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ 1940లో రాసిన 'నేటివ్ సన్' నవల కథను ఎవరెట్ ఇందులో బాహాటంగా వెక్కిరించాడు. మొదట నవ్వుతాం. కాసేపటికి నవ్వు ఆగిపోతుంది కానీ చదవడం ఆగదు. నిజం చెప్పాలంటే ఆ భాగం పుస్తకంలో మిగతా అన్ని భాగాలకన్నా వేగంగా నడుస్తుంది. అంతకుముందు మంక్ డైరీలో వడ్రంగం, చేపల వేట, తల్లి మతిమరుపు, ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ పద్ధతిని అనుకరిస్తూ రాసిన ఒక సెమినార్ పత్రం, చిత్రకారుల ఊహా సంభాషణలు చదువుతూ నింపాదిగా నడిచాం. చెత్త నవల రాగానే పరుగెత్తాం. ఆ చెత్తకు కొనుగోలుదారు ఎవరో ఎవరెట్ వేరే చెప్పనక్కర్లేదు, పుస్తకం పట్టుకున్న చేతులు మనవే.

సినిమాలో ఇదంతా ఒక్క సన్నివేశం. మంక్ బల్ల దగ్గర కూర్చుని టైపు చేస్తుంటే అతని పాత్రలు గదిలోనే ప్రత్యక్షమై సంభాషణలు పలుకుతాయి, మధ్యలో ఆగి తరువాత ఏమనాలో రచయితనే అడుగుతాయి. చాలా అందమైన కల్పన అది, మంక్‌గా జెఫ్రీ రైట్ నటన దానికి వన్నె తెచ్చింది. కానీ మనం మంక్ పక్కన క్షేమంగా నిలబడి ఆ నవలకు మురిసిపోయే తెల్ల సంపాదకులను చూసి నవ్వుతాం. వాళ్ల వరుసలో మనల్ని నిలబెట్టే పని సినిమా చేయలేదు.

దీని ప్రభావం ముగింపు దాకా పాకింది. దొంగ నవల చివర వాన్ గో పోలీసులకు దొరికిపోతాడు, చుట్టూ కెమెరాలు చూసి తాను టీవీలో ఉన్నానని సంబరపడతాడు. అసలు నవల చివర, ఆ దొంగ నవలకే బహుమతి ప్రకటించిన పురస్కార సభలో వేదిక వైపు నడుస్తూ మంక్ కూడా కెమెరా చూసి తాను టీవీలో ఉన్నానంటాడు, తన పండిత భాషలో. వెక్కిరించడానికి సృష్టించిన పాత్ర సృష్టికర్తను మింగేసింది! లోపలి నవల చదవనివారికి ఈ దెబ్బ తగలదు. కాబట్టే జెఫర్సన్ వేరే ముగింపు వెతుక్కోక తప్పలేదు. సినిమాలో మంక్ తన కథను తెరకెక్కించబోయే ఒక దర్శకుడికి ఒకదాని తరువాత ఒకటిగా ముగింపులు చెబుతాడు. సందిగ్ధంగా ఆపడం నచ్చదు, ప్రేమకథగా ముగించడం నచ్చదు. మంక్‌ను పోలీసులు కాల్చి చంపే ముగింపు వినగానే దర్శకుడి ముఖం వెలిగిపోతుంది. హాలీవుడ్ మీద ఇంతకన్నా సూటిగా బాణం వేయడం కష్టం. సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

నన్ను బాధపెట్టిన మార్పు మాత్రం మంక్ అక్క లీసా మరణం. నవలలో ఆమె వాషింగ్టన్‌లో మహిళల క్లినిక్ నడిపే డాక్టరు. గర్భస్రావాలను వ్యతిరేకించే ఒకడు ఆమెను కాల్చి చంపుతాడు. సినిమాలో కథ బోస్టన్‌కు మారింది, ఆమె గుండెపోటుతో పోతుంది. నవలలోని మరణం నల్లజాతి కుటుంబం మీద అమెరికా రాజకీయం వేసిన వేటు, అయినా అది ఏ ఘెట్టో కథలోనూ ఇమడదు. మంక్ వాదనకు అంతకన్నా బలమైన రుజువు లేదు. దాన్ని వదులుకోవడం సినిమాకు నష్టమే.

సినిమా సొంతంగా సంపాదించినదీ ఉంది. మంక్ ఈసడించుకున్న రచయిత్రికి అందులో నోరు వచ్చింది. ఇస్సా రే పోషించిన సింటారా గోల్డెన్ అతని ఎదురుగా కూర్చుని, తాను పరిశోధన చేసి రాశానని, పాఠకులు కోరేది ఇవ్వడంలో తప్పేమిటని నిలదీస్తుంది. అక్కడ మంక్ తడబడతాడు. నవలలో అతనికి ఆ స్థాయి ప్రత్యర్థి దొరకలేదు. ఆ తరువాత, మంక్, సింటారా ఇద్దరూ సభ్యులుగా ఉన్న సాహిత్య పురస్కార న్యాయనిర్ణేతల సమావేశంలో ఆ ఇద్దరు నల్లజాతి సభ్యులూ మంక్ దొంగ నవల వద్దంటారు. ముగ్గురు తెల్లజాతి సభ్యులు ఓట్లతో గెలిచి, నల్లజాతి గొంతులు వినడం ఇప్పుడు చాలా అవసరమంటారు. మంక్ సోదరుడు క్లిఫ్‌గా స్టెర్లింగ్ కె. బ్రౌన్ ఆ ఇంటికి ప్రాణం పోశాడు. 2024 ఆస్కార్లలో అయిదు నామినేషన్లు వచ్చి, అనుసరణ స్క్రీన్‌ప్లేకు జెఫర్సన్ బహుమతి అందుకున్నాడు. అర్హమైన బహుమతే.

సినిమా చూసి నవల దగ్గరకు వెళ్లేవారికి ఒక విన్నపం. మధ్యలో ఆ వెకిలి భాష, వంకర స్పెల్లింగులు కనబడగానే పేజీలు దాటవేయాలనిపిస్తుంది. దాటవేయకండి, పూర్తిగా చదవండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వడం మానేసి చదువుతూ పోయారో గుర్తుపెట్టుకుని రండి. వచ్చే సమావేశంలో ముందుగా దాని గురించే మాట్లాడుకుందాం.