మత్తడి లేని కుండీ
(హనుమకొండలో మిద్దెతోటల వారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. రోహిణి కార్తె ఎండలో, ఆదివారం పొద్దున్నే కుండీలకు నీళ్లు పోసుకొని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

నన్ను సక్యులెంట్ల గురించి చెప్పమన్నారు. ఆకులోనో, కాండంలోనో, వేరులోనో నీళ్లు దాచుకునే మొక్కలన్నీ ఈ మాట కిందికే వస్తాయి. పేరు కొత్తది గానీ మొక్కలు మనకు పాతవే. గుట్టల మీది జెముళ్లు, పొలం గట్ల మీది కిత్తనార, పచ్చడి చేసుకునే నల్లేరు, పప్పులో వేసుకునే గంగవాయిలి కూర, అన్నీ ఇవే. మన ఇళ్ల గుమ్మాలకు దిష్టి తగలకుండా కలబందను తలకిందులుగా కడతాం. దాన్ని ఎప్పుడైనా నిలబడి చూశారా? వేరుకు మట్టి లేదు, ఎవరూ చుక్క నీళ్లు పోయరు. అయినా నెలల తరబడి బతుకుతుంది. కింద ఆకులు ముడుచుకుపోతుంటే నడిమధ్య నుంచి లేత ఆకు ఒకటి పైకి వంగి వెలుతురు దిక్కు లేస్తుంది. ముదురు ఆకుల్లోని నీళ్లు తాగి పెరిగే ఆకు అది. ఈ జాతి మొక్కల గుణమంతా ఆ గుమ్మం మీదే కనిపిస్తుంది.

మరి ఇంత మొండి మొక్కలు మన డాబాల మీద ఎందుకు చచ్చిపోతున్నాయి? ఎనిమిదేళ్ల కింద ఒక నర్సరీలో పద్దెనిమిది ఎచెవేరియాలు కొన్నాను. చిన్న తామరపువ్వుల్లా ఉంటాయి, బూడిదరంగు ఆకులకు గులాబి అంచు. ఎండ మొక్కలన్నారు కదా అని నడి డాబా మీద పెట్టాను. మే దాటేసరికి సగం మిగిలాయి. జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదో రోజు ఒకదాన్ని ముట్టుకుంటే ఆకులు ఉడికిన ఉల్లిపొరల్లాగా వేళ్లకు జారి వచ్చాయి. మొదలు నల్లబడింది, వాసన వస్తోంది. ఆ ఏడు ఒక్కటీ దక్కలేదు. ఆ బాధతోనే వీటి గురించి చదవడం మొదలుపెట్టాను.

మామూలు మొక్క ఆకు మీది సన్నని రంధ్రాలను పగలు తెరిచి గాలి తీసుకుంటుంది. ఆ తెరిచిన దారిలోనే నీళ్లు ఆవిరైపోతాయి. చాలా సక్యులెంట్లు ఆ రంధ్రాలను పగలు మూసుకుంటాయి, రాత్రి తెరుస్తాయి. రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకొని, తెల్లారాక దానితో ఆహారం తయారు చేసుకుంటాయి. ఈ పులుపును గుర్తించి రాసిన తొలివారిలో ఒకరు మన తెలుగునేల మీదే పనిచేశారు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న బెంజమిన్ హైన్, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని 1813లో ఒక ఉత్తరంలో రాశారు. 1815లో అది అచ్చయింది. మీరూ చూడవచ్చు. తెల్లవారుజామున రణపాల ఆకు చిన్న ముక్క కొరికి ఉమ్మేయండి, సాయంత్రం అదే చెట్టు ఆకు మళ్లీ కొరకండి. నేను చూశాను. పొద్దుటి పులుపు చుక్కకూరకు తీసిపోదు.

ఇంత దూరం ఎందుకు చెప్పానంటే, రాత్రి ఊపిరి తీసుకునే మొక్కకు రాత్రి చల్లగా ఉండాలి. ఎచెవేరియాలు ఎక్కువగా మెక్సికో కొండనేలల నుంచి వచ్చాయి. అక్కడ పగలు ఎంత ఎండ కాసినా రాత్రికి చల్లబడుతుంది. మన దగ్గర మే నెలలో పగలు 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రాత్రి పదింటికి కూడా స్లాబు మీద ఉత్తకాళ్లతో నిలబడలేం. పగలు మూసుకొని రాత్రి కూడా తెరవలేక ఆ మొక్క నీరసించిపోతుంది. అలా నీరసించినదాని మీద వాన పడితే కుళ్లు పట్టడానికి ఎంతసేపు? అందుకే ఎండ మొక్క అని నర్సరీవాళ్లు అన్నప్పుడు, ఏ ఊరి ఎండ అని అడగండి. ఎచెవేరియాలను నేనిప్పుడు దసరా నుంచి శివరాత్రి దాకా ఎండలో పెట్టి, తర్వాత తూర్పు వసారాలోకి దించుతాను. హవోర్థియా అనే చిన్న సక్యులెంటుకు ఏ కాలంలోనైనా నీడే మేలు.

మన ఎండకు తగినవి చాలా ఉన్నాయి. నన్నడిగితే మొదటి పీట అడీనియానికే వేస్తాను. ఎడారి గులాబి అంటారు, ఆఫ్రికా, అరేబియా నేలలది. బోదెలో నీళ్లు దాచుకుంటుంది, అందుకే అడుగున కుండలాగా ఉబ్బుతుంది. అన్ని మొక్కలూ తలలు వాల్చిన ఏప్రిల్‌లో ఇది విరగబూస్తుంది. చలికాలంలో ఆకులు రాల్చేస్తే చచ్చిందనుకొని నీళ్లు పోయకండి, నిద్రపోతోంది. మట్టి మార్చాలన్నా, కొమ్మలు కత్తిరించాలన్నా శివరాత్రి దాటాక చేయండి. మడగాస్కర్ నుంచి వచ్చిన ముళ్ల యుఫోర్బియా ఏడాది పొడుగునా పూస్తుంది. నాచుపూల మొక్క గంగవాయిలి కూరకు చుట్టమే, చారెడు మట్టిలో కూడా రంగులు పరుస్తుంది. కలబంద, కిత్తనార జాతులు, పాము మొక్క సరేసరి. మందపాటి గుండ్రటి ఆకుల జేడ్ మొక్కకు మాత్రం మధ్యాహ్నం ఎండ తప్పించండి. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగినదాన్ని తెచ్చిన రోజే నడి ఎండలో పెడితే ఏ మొక్కైనా కాలి మచ్చలు పడుతుంది. పదిహేను రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

ఇక అసలు సంగతి, నీళ్లు పోవడం. గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చెరువుకు మత్తడి, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లి బయటికి పోయే దారి ఉంది. మత్తడి లేని చెరువు నిండిన నాడే తెగుతుంది. కుండీ అడుగు రంధ్రం కూడా మత్తడే. చిన్న రంధ్రం ఒకటి ఉంటే చాలదు, మూడు నాలుగు ఉండాలి, వాటి మీద పెంకులు బోర్లించాలి. మట్టి సంగతికొస్తే ఒక పాలు ఎర్రచెల్క మట్టి, రెండు పాళ్లు దొడ్డు ఇసుక లేదా జల్లించిన మొరం, అర పాలు వర్మీకంపోస్టు కలుపుతాను. మొరం మన దగ్గర దొరికినంత చవకగా ఎక్కడ దొరుకుతుంది? దుమ్ము పోయేదాకా కడిగి, శనగగింజంత రాళ్లు ఏరుకుంటే చాలు. నల్లరేగడి వద్దు, నీళ్లు పట్టుకొని వదలదు. కొన్న మొక్క ఉత్త కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో ఉంటే వానలు రాకముందే వేళ్లు దులిపి మట్టి మార్చండి. కుండీల కింద పళ్లేలు తీసేయండి, దోమలూ తగ్గుతాయి.

2023 జూలైలో మన పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి వానకు ఏ మట్టి మిశ్రమమూ అడ్డం నిలవదు. మృగశిర నుంచి హస్త దాకా ఎచెవేరియా, జేడ్, చిన్న కాక్టస్‌ల మీద వెలుతురు వచ్చే రేకు ఒకటి ఉండాలి. నాలుగు పక్కలా గాలి ఆడాలి.

ఎండాకాలం నీళ్లు సాయంత్రం పోయండి. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయండి, మళ్లీ పూర్తిగా ఆరేదాకా ముట్టకండి. చీపురుపుల్ల అడుగుదాకా గుచ్చి తీస్తే తడిమట్టి అంటకూడదు. ఆకు ముడతలు పడితే దాహం. మెత్తబడి, అవతలి వెలుతురు కనిపించేలా పలచబడితే నీళ్లు ఎక్కువైనట్టు. ఈ రెండూ కలగలిపి చూడటం వల్లే ఎక్కువ మొక్కలు పోతున్నాయి. నా దగ్గరి నలభై కుండీలకు ఈ ఎండల్లో వారానికి రెండు బకెట్లు సరిపోతున్నాయి. బోరు అడుగంటిన ఇళ్లకు ఇది చిన్న సంగతేం కాదు. అయితే నీళ్లు మిగులుతాయని ఉన్న వేపచెట్టు కొట్టి కంకర పరిచి కిత్తనారలు పెట్టుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. నీడ ఇచ్చే చెట్టుకు ఇవి బదులు కావు.

తెల్లటి పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. జెముడు పాలు, యుఫోర్బియా పాలు కంట్లో పడితే ప్రమాదం, అడీనియం పాలు విషం. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, పసిపిల్లలను దూరంగా ఉంచండి.

ఈ బల్ల మీద జేడ్ కొమ్మలు, యుఫోర్బియా కొమ్మలు, రణపాల ఆకులు పెట్టాను. యుఫోర్బియా కోతలను నీళ్లలో ముంచి పాలు కారడం ఆగాకే తెచ్చాను. తలా ఒకటి తీసుకోండి. ఇవాళే నాటకండి. కాగితంలో చుట్టకుండా, నీడలో, కోసిన చోటు గాలికి ఆరేలా వారం రోజులు పెట్టండి. అక్కడ గట్టి పొలుసు కట్టాక, వచ్చే ఆదివారం పొడి మట్టిలో గుచ్చండి. మొదటి నీళ్లు ఆ తర్వాత మూడో రోజు పోయండి.