అమెరికా రాజ్యాంగాన్ని వద్దన్నవాళ్ళు

అధ్యక్షులకు, సభికులకు నమస్కారం.

అమెరికా రాజ్యాంగం అనగానే వాషింగ్టన్, మాడిసన్, హామిల్టన్ పేర్లు మన నోటికి వచ్చేస్తాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడేది వాళ్ళను ఎదిరించి ఓట్ల లెక్కలో ఓడిపోయినవాళ్ళ గురించి. యాంటీ ఫెడరలిస్టులని, అంటే సమాఖ్య వ్యతిరేకులని, వాళ్ళకు అవతలిపక్షం పేరు తగిలించింది. దేశం ఒక్కటవుతుంటే అడ్డం పడ్డ సంకుచితులని కొందరు రాస్తారు. పోరాడి పౌరహక్కులు తెచ్చిపెట్టిన మహానుభావులని మరికొందరు రాస్తారు. నాకు ఈ రెండూ ఒప్పుదల కావు. వాళ్ళు గట్టిగా అడిగింది ఒకటి, చివరికి చేతికి అందింది మరొకటి. ఆ మార్పిడి ఎలా జరిగిందో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు అప్పటి పరిస్థితి. 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒడంబడిక కింద కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను అడగాలి, అవి ఇస్తే తీసుకోవాలి. ఒడంబడికలో ఏ మార్పు చేయాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. యుద్ధపు అప్పులు తీర్చడానికి దిగుమతుల మీద సుంకం వేద్దామంటే 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే కాదన్నందుకు ఆ ప్రతిపాదన మూలపడింది. అప్పు ఇచ్చినవాళ్ళు వసూలు కోసం కూర్చున్నారు, జీతాలు అందని సైనికులు కూర్చున్నారు. కేంద్రానికి బలం కావాలన్నవాళ్ళ మాటలో న్యాయం ఉంది. దాన్ని కాదని ఈ కథ చెప్పలేం.

అయితే అదే కాలంలో పశ్చిమ మసాచుసెట్స్‌లో ఏం జరుగుతోందో చూడండి. రాష్ట్ర ప్రభుత్వం పన్నులు నాణేల్లో కట్టమంది. రైతు దగ్గర పశువులున్నాయి, ధాన్యం ఉంది, నాణెం లేదు. కట్టలేకపోతే కోర్టు, కోర్టు తర్వాత జప్తు, అప్పు తీరకపోతే జైలు. 1786లో రైతులు తుపాకులు పట్టుకుని కోర్టులు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. వాళ్ళలో స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ళు చాలామంది. నాయకుడిగా పేరుపడ్డ డానియల్ షేస్ కూడా ఆ యుద్ధంలో కెప్టెన్. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్ళినప్పుడు ఫిరంగులు పేలి నలుగురు చనిపోయారు. ఈ తిరుగుబాటును చూసి ధనికులు, బలమైన కేంద్రం లేకపోతే ఇక అరాచకమే అన్నారు. రైతులకు ఇంకో సంగతి అర్థమైంది: పన్ను వేసేవాడికి తమ బతుకు తెలియకపోతే ఏమవుతుందో.

1787 మే 25న ఫిలడెల్ఫియాలో సమావేశం మొదలైంది. పాత ఒడంబడికను సవరించమని పంపితే తలుపులు మూసుకుని కొత్త రాజ్యాంగమే రాశారు. 13 రాష్ట్రాల ఒప్పుదల అక్కర్లేదు, 9 చాలు అని అందులోనే రాసుకున్నారు. న్యూయార్క్ ప్రతినిధులు యేట్స్, లాన్సింగ్ జులైలోనే లేచి ఇంటికి వెళ్ళిపోయారు. వర్జీనియాకు చెందిన జార్జ్ మేసన్ చివరిదాకా ఉన్నాడు. పౌరహక్కుల ప్రకటన ఒకటి ముందు చేర్చాలని సెప్టెంబర్ 12న అడిగితే ఒక్క రాష్ట్రం కూడా మద్దతివ్వలేదు. సంతకాల రోజున 39 మంది సంతకం చేశారు. అక్కడే ఉండి సంతకం పెట్టనన్నవాళ్ళు ముగ్గురు: మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ.

ఆమోదం ఎంత తొందరగా నడిపించారో పెన్సిల్వేనియా శాసనసభలో జరిగిన ఘటన చెబుతుంది. రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని తేల్చే ఆమోద సభకు తేదీలు పెట్టే తీర్మానం ఓటుకు రాబోతుంటే, వ్యతిరేకులు కోరం పోగొట్టడానికి సభకు రాకుండా బసల్లో ఉండిపోయారు. కోరానికి 46 మంది కావాలి, ఇద్దరు తక్కువయ్యారు. మర్నాడు ఒక గుంపు వాళ్ళ బసకు వెళ్ళి మెకాల్మంట్, మైలీ అనే ఇద్దరు సభ్యులను బలవంతంగా లాక్కొచ్చి సభలో కూర్చోబెట్టింది. మెకాల్మంట్ జేబులోంచి డబ్బు తీసి, గైర్హాజరు జరిమానా 5 షిల్లింగులు ఇదిగో, నన్ను పోనివ్వండి అన్నాడు. సభ నవ్వింది, పోనివ్వలేదు. కోరం పూర్తయింది, తీర్మానం నెగ్గింది. వ్యతిరేకులు చేసింది కూడా గొప్ప పనేమీ కాదు. సభకు ఎగ్గొట్టడం వాదన కాలేదు. కానీ ప్రజల పేరుతో రాసిన రాజ్యాంగానికి ప్రజాప్రతినిధిని మెడపట్టి తెచ్చి కూర్చోబెట్టడం చిన్న విషయంగా తీసిపారేయలేం. డిసెంబర్ 12న ఆ రాష్ట్రం 46-23 ఓట్లతో రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఓడినవాళ్ళలో 21 మంది తమ అసమ్మతిని సంతకాలతో అచ్చువేసి రాష్ట్రాలన్నిటికీ చేరేలా చేశారు.

ఇక వాదన దగ్గరికి వద్దాం. న్యూయార్క్ పత్రికలో 1787 అక్టోబర్ నుంచి బ్రూటస్ అనే మారుపేరుతో 16 వ్యాసాలు వచ్చాయి. రాసింది ఎవరన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. నా ఉద్దేశంలో ఆ వ్యతిరేక రచనలన్నిటిలో పదునైనవి ఇవే. బ్రూటస్ చెప్పింది ఇది: కాంగ్రెస్‌కు పన్ను వేసే హక్కు హద్దు లేకుండా ఇచ్చారు. అవసరమైన చట్టాలు ఏవైనా చేసుకోవచ్చన్నారు. కేంద్ర చట్టమే దేశంలో పైచేయి అన్నారు. ఆ పైన తీర్పు చెప్పే సుప్రీంకోర్టు కూడా కేంద్రానిదే. ఈ నాలుగూ కలిస్తే రాష్ట్రాలు పేరుకే మిగులుతాయి. మరో మాట అన్నాడు, దాని దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. తమ ప్రతినిధి ఎవరో తెలిసి, అతని మీద నమ్మకం ఉంటే జనం చట్టాన్ని వాళ్ళంతట వాళ్ళే పాటిస్తారు. దేశం మరీ పెద్దదై ఆ నమ్మకం పోతే, చట్టం అమలు చేయడానికి ప్రభుత్వానికి సైన్యం తప్ప దారి ఉండదు.

మొదటి ప్రతినిధుల సభకు అనుకున్న సంఖ్య 65. అప్పటి జనాభా దాదాపు 40 లక్షలు, అందులో సుమారు 7 లక్షల మంది బానిసలు. ఇంత పెద్ద దేశానికి 65 మందా అన్నదే వాళ్ళ ప్రశ్న.

ఈ ప్రశ్న అందరికంటే సూటిగా వినిపించింది బోస్టన్‌లో. 1788 జనవరి 25, మసాచుసెట్స్ ఆమోద సభ. ఏమస్ సింగిల్‌టరీ అనే పల్లెటూరి పెద్దాయన లేచాడు. ఈ లాయర్లు, చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు ఎంతో నున్నగా మాట్లాడి మాలాంటి చదువురాని బీదవాళ్ళ చేత ఈ మాత్ర మింగించాలని చూస్తున్నారు అన్నాడు. కాంగ్రెస్‌లోకి వెళ్ళేది వాళ్ళే, అధికారం, డబ్బు అంతా వాళ్ళ చేతుల్లోకే పోతుంది, ఆ తర్వాత బైబిల్లో యోనాను తిమింగలం మింగినట్టు మా చిన్నవాళ్ళందర్నీ మింగేస్తారు అన్నాడు.

జవాబు చెప్పడానికి లేచింది ఏ లాయరో కాదు, జోనాథన్ స్మిత్ అనే మరో రైతు. నేను నాగలి దున్నుకుని బతికేవాణ్ణి, సభల్లో మాట్లాడే అలవాటు లేదు, తోటి రైతులకు నాలుగు మాటలు చెబుతాను అని మొదలుపెట్టాడు. మంచి ప్రభుత్వం విలువ అది లేకపోయినప్పుడు తెలిసిన ప్రాంతం మాది, ఆ తిరుగుబాటు రోజుల్లో మా ఇళ్ళ మీదికి తుపాకులతో వచ్చారు అన్నాడు. రాజ్యాంగం ప్రతి తెప్పించుకుని మళ్ళీ మళ్ళీ చదివాను, లాయర్ని అడగలేదు, మా ఊళ్ళో లాయరే లేడు, లేకపోయినా బాగానే ఉన్నాం అన్నాడు. సింగిల్‌టరీ వైపు చెయ్యి చూపించి, నేను కాంగ్రెస్‌లోకి వెళ్ళి జనం స్వేచ్ఛను మింగేస్తానని ఆ పెద్దాయన అనుకోడులెండి, నాకు ఏ పదవీ లేదు, అక్కర్లేదు అన్నాడు.

ఈ ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఇద్దరి మీదా గౌరవమే కలుగుతుంది. పొలం పని చేసుకునే ఇద్దరు మనుషులు ఒక దేశపు రాజ్యాంగం గురించి, చదివి, ఆలోచించి, ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నారు. సింగిల్‌టరీ అజ్ఞాని, స్మిత్ విజ్ఞుడు అని తేల్చే చరిత్ర నాకు అక్కర్లేదు. ఆ సభ 187-168 ఓట్లతో అవునంది. 19 ఓట్ల తేడా. అదీ సభాధ్యక్షుడు జాన్ హాన్‌కాక్ 9 సవరణలు సిఫారసు చేశాక. ఆమోదిస్తాం, ఆ తర్వాత ఇవి మార్చండి అనే ఈ పద్ధతే తర్వాతి రాష్ట్రాల్లో చాలావాటికి దారి చూపింది. ఆ తొమ్మిదింటిలో మొదటిది, స్పష్టంగా ఇవ్వని అధికారాలన్నీ రాష్ట్రాలవే అని. ప్రతినిధుల సంఖ్య పెంచాలని ఒకటి, ప్రత్యక్ష పన్ను వేసేముందు రాష్ట్రాన్ని అడగాలని మరొకటి. రైతు మనసులో ఉన్నది ఇక్కడ కనిపిస్తుంది.

వర్జీనియాలో ప్యాట్రిక్ హెన్రీ గంటల తరబడి మాట్లాడాడు. "మేము, ప్రజలము" అనే హక్కు వీళ్ళకెక్కడిది, "మేము, రాష్ట్రాలము" అని ఎందుకు రాయలేదు అని నిలదీశాడు. ఈ అధ్యక్షుడు రాజైపోవడం ఎంతసేపు అన్నాడు. వక్తగా అతనికి సాటి లేదు. కానీ ఆ ప్రసంగాల్లో ఒకటి దాటవేయకూడదు. దేశ రక్షణ, సంక్షేమం పేరుతో కాంగ్రెస్ ఏదో ఒక రోజు బానిసలందరికీ స్వేచ్ఛ ప్రకటించగలదు, అందుకే ఈ అధికారం ప్రమాదం అని జూన్ 24న అతను సభను భయపెట్టాడు. మేసన్ సంగతీ అంతే: బానిసల దిగుమతిని తీవ్రంగా ఖండించాడు, అదే నోటితో, ఇప్పటికే ఉన్న బానిస ఆస్తికి రాజ్యాంగంలో రక్షణ లేదని ఫిర్యాదు చేశాడు. రాష్ట్రాల స్వేచ్ఛ అనే మాట వెనుక ఎవరి స్వేచ్ఛ, ఎవరి సంకెళ్ళు అని అడగకుండా వీళ్ళను మెచ్చుకోవడం తప్పు. కేంద్రాన్ని చూసి భయపడ్డవాళ్ళందరూ బలహీనుల పక్షం కాదు. మసాచుసెట్స్ రైతు భయం వేరు, వర్జీనియా భూస్వామి భయం వేరు. ఇద్దరూ ఒకే పక్షంలో ఉండటం ఆ పక్షానికి బలం, కళంకం కూడా. వర్జీనియా 89-79తో ఆమోదించి 40 ప్రతిపాదనలు పంపింది: 20 హక్కులు, 20 అధికార నిర్మాణంలో మార్పులు. ఈ 20, 20 గుర్తుంచుకోండి.

న్యూయార్క్ ఆమోద సభలో 65 మంది ప్రతినిధుల్లో 46 మంది వ్యతిరేకులే. అక్కడ హామిల్టన్‌కు ఎదురు నిలిచిన మెలాంక్టన్ స్మిత్ అన్న మాట నాకు చాలా విలువైనది. రాజకీయం, వ్యాపారం తెలిస్తే ప్రతినిధికి చాలదు, పన్ను భారం ఎవరి నెత్తిన ఎలా పడుతుందో తెలియాలి, అది మధ్యతరగతివాడికి తెలిసినంత ధనికుడికి తెలియదు. నియోజకవర్గాలు పెద్దవైతే పేరు, డబ్బు ఉన్నవాళ్ళే గెలుస్తారు. న్యూహాంప్‌షైర్ తొమ్మిదో రాష్ట్రంగా, ఆ వెంటనే వర్జీనియా ఒప్పుకున్నాయన్న కబురు వచ్చాక స్మిత్ కూడా అవునని ఓటేశాడు. 30-27. ఉత్తర కరోలినా మొదట ఒప్పుకోలేదు, 1789 నవంబర్‌లో వచ్చి చేరింది. రోడ్ ఐలండ్ జనం ఊరూరా ఓటింగ్ పెట్టుకుని భారీ ఆధిక్యంతో వద్దన్నారు. వ్యాపారం ఆపేస్తామని సెనేట్ బిల్లు పాస్ చేశాక 1790 మే 29న 34-32తో సరేనన్నారు.

మరి సవరణలు? మాడిసన్ మొదట్లో హక్కుల జాబితాను కాగితం కోటగా చూసినవాడు. 1789 ఎన్నికల్లో సవరణలు తెస్తానని ఓటర్లకు మాట ఇవ్వాల్సివచ్చింది. ఆ ఒత్తిడి యాంటీ ఫెడరలిస్టులదే. కాంగ్రెస్‌లో మొండిగా పట్టుబట్టి సాధించింది మాత్రం మాడిసన్. కానీ ఏరుకున్నది ఏమిటి? వర్జీనియా జాబితాలో హక్కుల వైపు 20 నుంచే దాదాపు అంతా. మత స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ, జ్యూరీ విచారణ, ఇవన్నీ గొప్పవే. ప్రత్యక్ష పన్నుల సవరణ సభలో ఓడిపోయింది. రాష్ట్రాల అధికారాల సవరణలో "స్పష్టంగా" అనే ఒక్క మాట చేర్చమంటే ఒప్పుకోలేదు. దక్షిణ కరోలినా సభ్యుడు ఈడేనస్ బర్క్ ఈ సవరణలను నురగతో పోల్చి, లోపలంతా గాలే అన్నాడు. అది అతిశయోక్తి. ఆ నురగే తర్వాత ఎంతోమందిని జైలు నుంచి కాపాడింది. అయినా అతని కోపం నాకు అర్థమవుతుంది. హక్కులు ఇచ్చి, అధికారాన్ని కదపకుండా ఉంచుకున్నారు.

మన దగ్గర ఈ వాదన లేకపోలేదు. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో గ్రామ పంచాయతీల గురించి అంబేడ్కర్ అన్న మాటలకు మన ఎన్.జి. రంగా బాధపడ్డారు, అధికారాన్ని ఒకచోట పోగుచేయడం ప్రమాదమన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులు పంచాయతీల పక్షాన మాట్లాడారు. గ్రామం అజ్ఞానానికి, సంకుచితత్వానికి గూడు అన్న అంబేడ్కర్ మాటలో ఉన్న నిజం ఇప్పటికీ నిజమే. మన రాజ్యాంగాన్ని రాష్ట్రాల ఆమోదానికి పంపలేదు. అమెరికాలో ఒక రాష్ట్రాన్ని విడదీయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం ఇక్కడ అభిప్రాయం అడిగితే చాలు. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించిన బిల్లును పార్లమెంటు ఆమోదించగలిగింది అందుకే. తెలంగాణ న్యాయమైన కోరిక అనుకునేవారు కూడా ఈ అధికారం ఎవరి చేతిలో ఉండాలో విడిగా ఆలోచించాలని నా విన్నపం.

ఇక సింగిల్‌టరీ, మెలాంక్టన్ స్మిత్ అడిగిన ప్రతినిధుల సంఖ్య సంగతి. 1789 సెప్టెంబర్‌లో కాంగ్రెస్ రాష్ట్రాలకు పంపిన సవరణలు 10 కావు, 12. అందులో అన్నిటికంటే ముందు పెట్టింది జనాభాతోపాటు ప్రతినిధుల సంఖ్య పెరగాలన్న సవరణ. 1791 డిసెంబర్ 15 నాటికి 10 ఆమోదం పొందాయి. సభ్యుల జీతాల గురించిన రెండోది 1992లో, దాదాపు 203 ఏళ్ళకు, నెగ్గింది. మొదటిదానికి మాత్రం కావలసినన్ని రాష్ట్రాలు ఎన్నడూ దొరకలేదు. ప్రతినిధుల సభ వందేళ్ళకు పైగా 435 దగ్గరే ఆగిపోయింది. ఒక్కో సభ్యుడికి ఇప్పుడు 7 లక్షలకు పైగా జనం.

ప్రశ్నలుంటే అడగండి, కూర్చుని మాట్లాడుకుందాం.