గాలం సంచిలో ప్లేయర్: కొనేముందు కీలు చూడండి

[కెమెరా దగ్గరగా. బల్ల మీద పొడవు ముక్కు ప్లేయర్ ఒకటి, అంటే పట్టకారు లాంటి పనిముట్టు. ముక్కు తళతళా మెరుస్తోంది.]

ఈ ప్లేయర్ ముక్కు చూడండి. ఎక్కడా తుప్పు చుక్క లేదు. పళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. కొని ఎనిమిది నెలలు కూడా కాలేదు. సరే, ఇప్పుడు దీన్ని తెరుద్దాం.

[రెండు చేతులతో లాగుతున్నాను. కదలదు.]

రాదు. మా ఇంట్లో అందరూ బలం చూపించి వదిలేశారు. ముక్కు బాగుంది, పిడి బాగుంది, మధ్యలో కీలు మాత్రం బిగుసుకుపోయింది. దీని మీద ‘స్టెయిన్‌లెస్’ అని చక్కగా చెక్కి ఉంది. అబద్ధం కాదు, ముక్కు నిజంగానే స్టెయిన్‌లెస్. కీలులో దిగ్గొట్టిన రివెట్టూ, లోపలి స్ప్రింగూ మాత్రం మామూలు ఇనుము.

నమస్కారమండీ. గాలం వేసేవాళ్ళం రాడ్డుకీ రీలుకీ వేలకి వేలు పెడతాం. ప్లేయర్ దగ్గరికొచ్చేసరికి కరెంటు పనికి తెచ్చిన కటింగ్ ప్లేయర్ ఒకటి సంచిలో పడేస్తాం. నేనూ చాలాకాలం అదే చేశాను. అసలు ప్లేయర్ ఎక్కడ పాడవుతుంది, ఎందుకు పాడవుతుంది, షాపులో నిలబడి ఏం చూసుకోవాలి, ఇదీ ఇవాళ్టి సంగతి.

[ఉప్పుటేరు గట్టు. సాయంత్రం వెలుగు. పోటు నీళ్ళు ఎక్కుతున్నాయి.]

ముందు తేల్చుకోవాల్సింది నీళ్ళ సంగతి. సింగూరులోనో, దిగువ మానేరులోనో, ఊరి చెరువులోనో కొరమీను కోసం కప్ప ఎర విసిరేవాళ్ళకి ఈ వీడియోలో సగం అక్కర్లేదు. మంచినీళ్ళలో వాడే ఇనుప ప్లేయర్‌ని ఇంటికొచ్చి తుడిచి, ఒక చుక్క నూనె వేస్తే ఏళ్ళతరబడి ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో మంచి నోస్ ప్లేయర్ ఒకటి కొనుక్కోండి. మిగిలిన డబ్బులతో ఎరలు కొనుక్కోండి.

మాకు కాకినాడలో అలా కుదరదు. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పుటేరులో పోటుకి ఒకలా, ఆటుకి ఒకలా, వానాకాలంలో ఇంకొకలా ఉంటుంది. తక్కువే కదా అనుకోకండి. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. కీలు సందులో కూర్చుంటుంది. గాలిలో తేమ తగిలితే చాలు, మళ్ళీ చెమ్మగిల్లుతుంది. మీరు ఇంట్లో పడుకున్నా మీ ప్లేయర్ మాత్రం ఇంకా ఏటిలోనే ఉన్నట్టు లెక్క.

[బల్ల మీద స్టీలు గిన్నె, కూరగాయల చాకు.]

ఇక స్టీలు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పుకి తట్టుకునేది అందులో కలిపిన క్రోమియం వల్ల. కనీసం 10.5 శాతం ఉండాలి. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది పైన కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా పొర మళ్ళీ కట్టుకుంటుంది, కాకపోతే ఆక్సిజన్ అందాలి. ఈ ఆక్సిజన్ మాట గుర్తుంచుకోండి, ఒర దగ్గర దీంతో మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు ఈ గిన్నె, ఈ చాకు. మంచి రకం గిన్నె ఏళ్ళ తరబడి వాడినా తుప్పు పట్టదు, కానీ దాని అంచుకి పదును పెట్టమంటే పెట్టలేం. చాకుకి పదును నిలుస్తుంది, కానీ నిమ్మరసం, ఉప్పు తగిలి రాత్రంతా సింకులో ఉంటే చుక్కలు పడతాయి. గిన్నె 304 రకం అనుకోండి. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. తుప్పుకి బాగా ఆగుతుంది, కానీ కాల్చి చల్లార్చి గట్టిపరుద్దామంటే గట్టిపడదు. చాకు 420 లాంటి రకం. క్రోమియం 12 నుంచి 14 శాతం, కార్బన్ కాస్త ఎక్కువ. దీన్ని కాల్చి చల్లారిస్తే గట్టిపడుతుంది. ప్లేయర్ ముక్కు గాలాన్ని పట్టి మెలితిప్పాలి, తీగ కొయ్యాలి. మెత్తగా ఉంటే పళ్ళు అరిగిపోతాయి, కోత అంచు సొట్టపడుతుంది. అందుకే చాలా ప్లేయర్లకి చాకు జాతి స్టీలే వాడతారు. అది ఉప్పు దగ్గర కొంచెం బలహీనమే. ఆ లోటు మనం కడిగి, నూనె వేసి పూడ్చుకోవాలి.

‘మెరైన్ గ్రేడ్’ అని డబ్బా మీద ఉంటే నంబరు అడగండి. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకి 304 కంటే బాగా ఆగుతుంది. నంబరు చెప్పలేకపోతే ఆ మాటకి డబ్బులివ్వకండి.

[ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం తీసి ప్లేయర్‌కి అంటించడం.]

షాపులో ఇంకో మాట వింటారు, మ్యాగ్నెట్ అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదని. తప్పు. 420 స్టెయిన్‌లెస్సే, అయినా ఇదిగో, టక్కున అంటుకుంది. 304, 316 దాదాపు అంటుకోవు. పూత పూసిన మామూలు ఇనుమూ అంటుకుంటుంది. కాబట్టి ముక్కు దగ్గర అయస్కాంతం పెట్టి ఏమీ తేల్చలేం. దాన్ని స్ప్రింగు దగ్గర, కీలు స్క్రూ దగ్గర పెట్టండి. కొద్దిగా లాగితే పర్వాలేదు, స్టెయిన్‌లెస్ తీగని సాగదీసినప్పుడు కొంచెం అయస్కాంత గుణం వస్తుంది. ముక్కుకి అంటుకున్నంత గట్టిగా అంటుకుంటే నేనైతే అనుమానిస్తాను. నా చేతిలో బిగుసుకుపోయిన దానికి సరిగ్గా అక్కడే అంటుకుంటుంది, చూడండి.

[నీలం రంగు అల్యూమినియం ప్లేయర్.]

ఇప్పుడు అందరి దగ్గరా కనిపిస్తున్నవి ఇవి. బాడీ అల్యూమినియం, ముక్కు స్టీలు, రెండూ చిన్న స్క్రూలతో బిగించి ఉంటాయి. అదే సైజు ఉక్కుతో చూస్తే అల్యూమినియం బరువు మూడో వంతు. ఈ నీలం పెయింటు కాదు. కరెంటు పంపి, అల్యూమినియం మీద సహజంగా ఉండే ఆక్సైడు పొరనే మందం చేసి, అందులోకి రంగు ఇంకిస్తారు. అనోడైజింగ్ అంటారు. తుప్పు పట్టదు కదా అని నేనూ సంబరపడి కొన్నాను.

మా వీధిలో అల్యూమినియం కిటికీలున్న ఇళ్ళకి వెళ్ళి స్క్రూల చుట్టూ చూడండి, తెల్లటి పొడి కనిపిస్తుంది. రెండు వేరువేరు లోహాలు ఒకదానికొకటి తగిలి, మధ్యలో ఉప్పుతేమ చేరితే అదొక బుల్లి బ్యాటరీ. అందులో అరిగేది అల్యూమినియమే. స్టీలు స్క్రూ మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ బాడీ పొడైపోతుంది. ఆ పొడి మరల్లో చేరి, స్క్రూ ఊడదీద్దామన్నా రాకుండా చేస్తుంది.

అలాగని వీటిని కొనొద్దని నేననను. మా పడవలో ఇప్పుడున్నది అల్యూమినియందే. కొన్నరోజే స్క్రూలన్నీ విప్పి, మరలకి నీటికి కరగని గ్రీజు రాసి, మళ్ళీ బిగించాను. కీలు దగ్గర ప్లాస్టిక్ వాషర్ ఉన్నది చూసి తీసుకున్నాను, అది రెండు లోహాలనీ నేరుగా తగలనివ్వదు. పైగా కటర్ అరిగితే స్క్రూ విప్పి కొత్తది వేసుకోవచ్చు.

టైటానియంవి కూడా ఉన్నాయి. సముద్రపు నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యలేవు. ధర మాత్రం చాలా ఎక్కువ. అంత పెట్టి కొన్నదాంట్లో కూడా కటర్ వేరే లోహమే, చాలావాటిలో స్ప్రింగూ అంతే. అది నీళ్ళలో జారిపోతే నాకు వారం నిద్రపట్టదు.

[షాపు కౌంటర్ లాంటి బల్ల. నాలుగు ప్లేయర్లు వరసగా.]

ఇక షాపులో. చేతిలోకి తీసుకోగానే కీలు చూడండి. రివెట్టు కొట్టేసి ఉంటే వదులైనా, బిగుసుకున్నా మీరు చేసేదేమీ లేదు. స్క్రూ ఉంటే బిగించుకోవచ్చు, విప్పి కడుక్కోవచ్చు. నా వరకు ఇది ఒక్కటి లేకపోతే మిగతావి చూడను.

తర్వాత రెండు పిడులూ పట్టుకుని పక్కకి ఊపండి, తెరిచి మూసినట్టు కాదు, అడ్డంగా. ముక్కు కొసలు ఒకదాని మీంచి ఒకటి జారితే కొత్తదైనా అది ముసలిదే. మూసి లైటుకి ఎదురుగా పెట్టండి. కొసలు సరిగ్గా కలవాలి. గట్టిగా నొక్కినప్పుడు కటర్ అంచుల మధ్య వెలుతురు కనపడకూడదు.

కోత పరీక్షకి షాపువాళ్ళు కాగితమో, మందపు నైలాన్ తీగో ఇస్తారు. అవి దేనికైనా తెగుతాయి. మీ జేబులో మీ బ్రెయిడ్ ముక్క ఒకటి పెట్టుకెళ్ళండి. బ్రెయిడ్ అంటే సన్నటి పాలిథిలీన్ పోగులతో అల్లిన గాలపు తీగ, నున్నగా జారిపోతుంది. తడిపి, వదులుగా పట్టుకుని, మడత పెట్టకుండా ఒంటి తీగనే కొయ్యండి. బిగించి పట్టుకుంటే మొండి కటర్‌కైనా తెగుతుంది. వదులుగా ఉన్నది టక్కున తెగిందా, మంచిదే. నలిగి, అంచుల మధ్య ఇరుక్కుందా, పక్కన పెట్టండి. కత్తెరలా ఒక అంచు పక్కనుంచి ఇంకొకటి దిగే రకం ఈ పనికి మేలు.

టంగ్‌స్టన్ కార్బైడ్ కటర్ అని చెప్పి అమ్మేవి బ్రెయిడ్‌కి చాలా బాగుంటాయి. చాలా గట్టి పదార్థం. గట్టిదే గానీ పెళుసు. దాంతో గాలం కొక్కెం కొయ్యబోతే అంచు పెచ్చు లేచిపోతుంది. గాలం కొయ్యడం అంత అవసరమా అంటారేమో. ఇక్కడ మా బావ బొటనవేలి కథ చెప్పాలి.

[తెర నలుపు. గొంతు మాత్రమే.]

రాత్రి ఎనిమిది దాటింది. పండుగప్ప ఒకటి గట్టుదాకా వచ్చి ఒక్కసారి విదిలించుకుంది. మూడు కొక్కేల గాలంలో ఒక కొక్కెం చేప నోట్లో, ఒకటి మా బావ బొటనవేలిలో. నేను ప్లేయర్ తీసి నా కార్బైడ్ కటర్ గొప్ప గురించి మొదలెట్టాను. ‘ఒరేయ్, ముందు కొయ్యరా, తర్వాత చెబుదువుగాని’ అన్నాడు. కటర్ నోరు సన్నం, కొక్కెం మందం, పట్టలేదు. చివరికి పక్క పడవవాళ్ళ దగ్గర కరెంటు పని సైడ్ కటర్ దొరికితే కొక్కెం కాడ కోసి చేపని విడదీశాం. వేలిలో ముక్క ఆసుపత్రిలో తీశారు. అక్కడ డాక్టరు చేసింది చూశాను. మత్తు ఇచ్చి, కొక్కెం వంపు వెంట ముందుకే తోసి, వెనక్కి తిరిగిన ముల్లు బయటికొచ్చాక దాన్ని కత్తిరించి, మిగతాది వచ్చిన దారినే వెనక్కి లాగారు. మీకూ దిగితే, ముఖ్యంగా కంటి దగ్గర, మెడ దగ్గర, కీళ్ళ దగ్గర దిగితే ఏమీ లాగకండి, ఆసుపత్రికే వెళ్ళండి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడగండి.

అప్పటినుంచి సంచిలో రెండు పెడుతున్నాను. గాలం తియ్యడానికి ఫిషింగ్ ప్లేయర్, కొక్కెం కొయ్యడానికి గట్టి స్టీలు సైడ్ కటర్. ఒకే ప్లేయర్ అన్ని పనులూ చేస్తుందని చెప్పే డబ్బాలని నేను నమ్మను.

[మళ్ళీ బల్ల.]

సైజు విషయం ఎక్కువ ఆలోచించకండి, 6 నుంచి 7 అంగుళాలు చాలామందికి సరిపోతుంది. వంజరం, వాలుగ లాంటి పళ్ళ చేపలకి ఇంకాస్త పొడవుంటే వేళ్ళు దూరంగా ఉంటాయి. లూర్లు, అంటే చేప బొమ్మల్లాంటి ఎరలు, వాడేవాళ్ళు ముక్కు కొసన చిన్న కొక్కీ ఉన్నది చూసుకోండి, తాళాల రింగులా ఉండే స్ప్లిట్ రింగుని గోటితో తెరిచే బాధ తప్పుతుంది.

పిడి మీద మెత్తటి రబ్బరు తొడుగు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. కానీ అది బాడీకి గట్టిగా అతుక్కుని ఉండాలి. వదులుగా ఉంటే ఉప్పునీళ్ళు దాని కింద చేరి, పైకి కనపడకుండా తినేస్తాయి.

ఒర కూడా అంతే. ఇందాక ఆక్సిజన్ అన్నాను కదా. తడి ప్లేయర్‌ని తడి ఒరలో దోపి వారం వదిలేస్తే దానికి గాలి అందదు, ఉప్పు మాత్రం అందుతుంది. పైపొర మళ్ళీ కట్టుకోలేదు. గుంటలు పడేది అప్పుడే. తోలు ఒర చూడ్డానికి బాగుంటుంది, ఆరడానికే రోజులు పడుతుంది. అడుగున చిల్లు ఉన్న నైలాన్ ఒర తీసుకోండి. చేతి తాడు తప్పకుండా కట్టండి, ఇవేవీ నీళ్ళలో తేలవు.

ఇంటికొచ్చాక చేసేది రెండు నిమిషాల పని. మంచినీళ్ళ బకెట్‌లో ముంచి, నీళ్ళలోనే ఇరవై సార్లు తెరిచి మూయండి. పైన కుళాయి నీళ్ళు పోస్తే కీలులో ఉప్పు కదలదు. గుడ్డతో తుడిచి, తెరిచిపెట్టి ఆరనివ్వండి. ఆరాక కీలులో, స్ప్రింగులో కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. తుప్పు వదిలించే స్ప్రేలు నీళ్ళని తరుముతాయి గానీ ఎక్కువకాలం నిలవవు, దాని తర్వాత నూనె వెయ్యాల్సిందే.

[మొదటి ప్లేయర్. గాజుసీసాలో డీజిల్. అందులోంచి బయటికి తీస్తున్నాను.]

ఇందాకటి బిగుసుకున్న ప్లేయర్ ఉంది కదా. వీడియోలో ఆ మొదటి ముక్క చిత్రీకరించాక దీన్ని మూడు రోజులు డీజిల్లో నానబెట్టాను. చూద్దాం.

[కిర్రుమంటూ సగం తెరుచుకుంటుంది.]

వచ్చింది! స్ప్రింగు మాత్రం రెండు ముక్కలై రాలిపోయింది, ఇదిగో. ఇక ఏటికి తీసుకెళ్ళను. ఇంట్లో గాలపు తీగకి బరువు కోసం సీసం గుళ్ళు నొక్కడానికి ఉంచుకుంటాను.