గీతలు పోగొట్టే ముందు గరుకు పోగొట్టండి: క్లే బార్, రబ్బింగ్ కాంపౌండ్ రివ్యూ

అందరికీ నమస్కారం. మాటలకన్నా ముందు ఒక శబ్దం వినండి. మైకు బానెట్ దగ్గర పెట్టి, పైన చెయ్యి రాస్తున్నాను. వినిపించిందా? ఉప్పుకాగితం మీద రాసినట్టుంది. పొద్దున్నే షాంపూతో కడిగిన కారు ఇది!

మాది గాజువాక. ఒకపక్క స్టీల్ ప్లాంట్, ఇంకోపక్క పోర్టు. విశాఖలో బండి ఉన్నవాళ్లకి ఈ దుమ్ము గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి తోడు మొన్న పక్క బిల్డింగ్‌కి స్ప్రేతో రంగు వేశారు. ఆ తుంపర గాలికి కొట్టుకొచ్చి నా కారు మీదా, బైక్ ట్యాంక్ మీదా సన్నటి చుక్కలుగా అతుక్కుపోయింది. సెల్లార్‌లో స్తంభానికి రాసుకున్న గీతలు సరేసరి. అందుకే మూడు రకాల సరుకు తెచ్చి వాడి చూశాను: ఐరన్ రిమూవర్, క్లే బార్, రబ్బింగ్ కాంపౌండ్ (పెయింట్ పైపొరని కొద్దిగా అరగదీసి గీతలు తగ్గించే పేస్టు). ఎవరూ డబ్బులివ్వలేదు, అన్నీ నేను కొన్నవే.

మొదట ఐరన్ రిమూవర్. తెల్ల కారు మీద తుప్పు రంగు చుక్కలు కనిపిస్తే, అవి చాలావరకు పెయింట్‌లో దిగిన ఇనుప రజను. ఈ ద్రవం స్ప్రే చేయగానే ఆ చుక్కలు ఊదారంగులోకి మారి కిందికి కారతాయి. చూడండి, డోర్ కింద భాగమంతా ఎలా కారుతోందో! వాసన మాత్రం ఘోరం, కుళ్లిన గుడ్డులా ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, నీడలోనే చేయండి, ఆరనివ్వకుండా నీళ్లు కొట్టేయండి. ఇనుము దుమ్ము లేని ఊళ్లో ఉన్నవాళ్లు దీని మీద డబ్బు పెట్టకపోయినా పర్వాలేదు.

నాకు బాగా నచ్చింది క్లే బార్. చూడ్డానికి పిల్లలు ఆడుకునే మట్టిముద్దలా ఉంటుంది, పెద్ద గొప్పగా ఏమీ అనిపించదు. చిన్న ముక్క తుంచి, చేతిలో పిసికి, షాంపూ నీళ్లు బాగా చల్లి, ఒత్తిడి లేకుండా నిలువుగా అడ్డంగా జరపాలి. గుండ్రంగా తిప్పొద్దు. ముందు గరగరమంటుంది, నాలుగైదు సార్లు జరిపాక జారిపోతుంది. అదే గుర్తు. ఆ పెయింట్ చుక్కలు మొత్తం దీనికే వచ్చేశాయి. ముక్కని మడిచి, శుభ్రమైన వైపు పైకి తిప్పుకుంటూ ఉండండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ముక్క కింద పడితే పారేయండి. కడిగి వాడదాం అనుకోవద్దు. అందులో ఇరుక్కున్న ఇసుక రేణువు ఒక్కటి చాలు, కొత్త గీతలు పెట్టడానికి.

క్లే చేయకుండా నేరుగా కాంపౌండ్ రుద్దితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ గరుకునంతా మనమే పెయింట్ మీద అరగదీస్తున్నాం. చాలామంది చేసే తప్పు ఇదే.

ఇక గీతలు. గీత మీద నీళ్లు పోయండి. తడిగా ఉన్నప్పుడు మాయమైతే అది క్లియర్ కోట్‌లోనే, అంటే రంగు పైనున్న పారదర్శకమైన పొరలోనే ఉంది, కాంపౌండ్‌తో తగ్గుతుంది. గోరు దాని మీద జరిపితే తగులుకుంటుందా? అయితే రుద్ది లాభం లేదు. క్లియర్ కోట్ మామూలుగా 40, 50 మైక్రాన్లు ఉంటుంది, మన తలవెంట్రుక కన్నా పల్చన. రుద్దిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది. ఒక వాషింగ్ సెంటర్‌లో మా నాన్నగారి కారుకి మెషీన్‌తో బానెట్ అంచు అరగదీసి, పొర పోగొట్టి ఇచ్చారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకే అంచుల మీద మాస్కింగ్ టేప్ వేసి చేత్తోనే చేశాను.

స్తంభం రంగు అంటుకున్న బంపర్ ఇది. చూడ్డానికి పెద్ద గీతలా కనిపించినా, అందులో సగం పైపైన అంటుకున్న స్తంభం రంగే. రెండుసార్లు రుద్దితే పోయింది. బైక్ ట్యాంక్ మీద జిప్పు గీతలు కూడా పోయాయి. అయితే మ్యాట్ ఫినిష్ బైక్ ఉన్నవాళ్లు కాంపౌండ్ ముట్టుకోవద్దు. రుద్దిన చోట నిగనిగలాడి మచ్చలా మిగిలిపోతుంది. బైక్ అయితే ఇంకో జాగ్రత్త: పాలిష్, వ్యాక్స్ డిస్క్ మీద గానీ టైరు మీద గానీ పడకూడదు. బ్రేకు పట్టదు, టైరు జారుతుంది. ముందే గుడ్డ కప్పండి.

ఇదంతా అయ్యాక వ్యాక్స్ తప్పనిసరి. క్లే పాత వ్యాక్స్‌ని కూడా లాగేస్తుంది కదా, పెయింట్ బోడిగా ఉండిపోతుంది.

వెనక డోర్ మీద ఈ గీత చూశారా, గోరు తగులుకుంటోంది. దీన్ని ముట్టుకోలేదు. కలర్ కోడ్ చూసి టచ్ అప్ పెయింట్ తెప్పిస్తున్నాను. అది రాగానే ఈ డోర్ దగ్గరే మళ్లీ కెమెరా పెడతాను.